నా మాటలు తీసేసిన ఎండాకాలం

నా కూతురు నన్ను వదిలేసి మా వదిన ఇంట్లో మకాం పెట్టిన ఎండాకాలం అది. మకాం అంటే పెట్టేబేడా సర్దుకుని వెళ్ళడమేం కాదు. ఆవిడ ఇల్లు రెండు వీధుల అవతలే. ఇది పొద్దున్నే లేచి అక్కడికి వెళ్ళేది, కాలేజీ నుంచి తిరిగొస్తూ మళ్ళీ అక్కడికే వెళ్ళేది. చెవులు ఆవిడకిచ్చి, నిద్ర మాత్రం మా ఇంటికి తెచ్చేది.

అప్పటికి అది డిగ్రీ ఆఖరి ఏడు. కంప్యూటరూ, భాషాశాస్త్రమూ కలిపి చదివే డిగ్రీ. మా ముందు గదిలోనే నా కుట్టు కొట్టు. కొలతలివ్వడానికి వచ్చినవాళ్ళు చేతులు చాపి నిలబడి, ఇంతకీ మీ అమ్మాయి ఇంజనీరవుతుందా, టీచరవుతుందా అని అడిగేవారు. మనుషులు ఎలా మాట్లాడతారో కంప్యూటర్‌కి నేర్పుతుందని చెప్పేదాన్ని. వాళ్ళకి అర్థమయ్యేది కాదు. నాకూ సగమే అర్థమయ్యేది. అయినా గొప్పగానే చెప్పేదాన్ని.

మొదటి రెండేళ్ళూ అది నా కొట్లోనే గుడ్డల మూట మీద కూర్చుని చదువుకునేది. వచ్చిపోయేవాళ్ళ మాటలు వింటూ, వాళ్ళు గడప దాటగానే, "అమ్మా, ఆవిడ నీతో మాట్లాడినప్పుడు ఒక గొంతు, ఫోన్‌లో మొగుడితో మాట్లాడినప్పుడు ఇంకో గొంతు, గమనించావా?" అనేది. నేను గమనించేదాన్ని కాదు. తర్వాత ఇద్దరం ఆవిడ రెండు గొంతుల్నీ అనుకరించి కడుపు నొప్పి పుట్టేలా నవ్వుకునేవాళ్ళం. అది మా ఇద్దరిదే అనుకున్నాను నేను.

ఎండలు ముదురుతున్న రోజుల్లో ఒక మధ్యాహ్నం వచ్చి నా కత్తిరింపు బల్ల అంచున కూర్చుంది.

"ఆఫీసులకి ఫోన్ చేస్తే మెషీన్ మాట్లాడుతుంది చూడు. మనం మాట మధ్యలో కాస్త ఆగితే చాలు, అయిపోయిందనుకుని అడ్డొస్తుంది," అంది. "మనిషి ఊరుకున్నప్పుడు, మాట అయిపోయి ఊరుకున్నాడా, ఇంకా చెప్పేదుండి ఊరుకున్నాడా అని కనిపెట్టే ప్రోగ్రాం రాస్తున్నా. అదే నా ప్రాజెక్టు. అది నెగ్గితేనే డిగ్రీ."

"మీ నాన్నకి కూడా ఒకటి రాసిపెట్టు," అన్నాను.

నవ్వింది. "దానికి మాటలు వినిపించి నేర్పాలమ్మా, గంటల తరబడి. మా క్లాసు వాళ్ళవి బోలెడున్నాయి. పెద్దవాళ్ళవే లేవు. మేం ఆగేదీ మీరు ఆగేదీ ఒకలా ఉండదు."

నేను నోట్లోంచి గుండుసూదులు తీసి డబ్బాలో వేశాను. పైట సర్దుకున్నాను. "సరే, ఎప్పుడు మొదలుపెడదాం?"

"అత్తనడిగానమ్మా. ఒప్పుకుంది."

కత్తెర బల్ల మీద పెట్టాను. "మీ అత్తా?"

"అత్త ఇల్లు నిశ్శబ్దంగా ఉంటుంది. ఇక్కడ నీ మిషన్ మోత."

"మిషన్ తొక్కకపోతే మోగదు కదే."

"అది కాదమ్మా..." అని ఆగిపోయింది. మాట అయిపోయి ఆగిందో, చెప్పేదుండి ఆగిందో నాకు మాత్రం ఏ ప్రోగ్రాం చెబుతుంది? సంచీ తగిలించుకుని వెళ్ళిపోయింది.

మా వదిన సంగతి చెప్పాలి. మావారి అక్క. టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో పని చేసి రిటైరైంది. వాళ్ళాయన, అదే అన్నయ్యగారు, పోయినప్పటి నుంచీ ఒక్కతే ఉంటుంది. ఆవిడ మాట మొదలుపెడితే మధ్యలో కామా కూడా దొరకదు. నా పెళ్ళయిన దగ్గర్నుంచి ఆవిడ ముందు నేనొక వాక్యం మొదలుపెట్టి చివరిదాకా చెప్పిన పాపాన పోలేదు. మావారు ఆవిణ్ణి "మా రేడియో" అంటారు. అక్క మీద ప్రేమ ఎక్కువై అంటారు.

"మా రేడియోకి ఆపే మీటే లేదు. అక్కడ కూర్చుని ఇదేం నేర్పుతుందే మెషీన్‌కి?" అని ఆ సాయంత్రం ఆయన నవ్వారు. నాకు నవ్వు రాలేదు.

నాలుగు రోజులు ఓర్చుకున్నాను. తర్వాత వదిన ఎప్పుడో ఇచ్చి మరిచిపోయిన కిటికీ తెరలు ఆగమేఘాల మీద కుట్టి, ఇచ్చే వంకతో వెళ్ళాను. తలుపులు, కిటికీలు అన్నీ మూసి ఉన్నాయి. ఫ్యాను ఆపేసి ఉంది. గాలి చప్పుడు కూడా పడకూడదట. ఫ్యాను లేకపోతే మా ఇంట్లో క్షణం నిలవని పిల్ల అక్కడ చెమటలు కక్కుతూ నేల మీద కూర్చుంది. మోకాళ్ళ మీద గడ్డం ఆనించి, మా వదిన ముఖంలోకి చూస్తోంది. వదిన ఎక్స్ఛేంజి రోజుల కబుర్లు చెబుతోంది. అది కళ్ళు కూడా ఆర్పడం లేదు.

నా దగ్గర ఎప్పుడైనా అలా కూర్చుందా అని ఆలోచించాను. కూర్చుంది, ఫోన్ చూసుకుంటూ.

"అదిగో మీ అమ్మ," అంది వదిన.

నేను "ఈ తెరలు..." అనబోయాను. అది వెనక్కి తిరగకుండానే వేలెత్తి ష్ అంది. కన్నకూతురు నన్ను నోరు మూసుకోమంది, అదీ మా వదిన ఎదురుగా. తెరలు గుమ్మంలోనే పెట్టి వచ్చేశాను. ఆ రోజు మిషన్ మీద రెండు సూదులు విరిగాయి.

ఇక ఇంట్లో ఎప్పుడు చూసినా అత్త భజనే. అత్త అలా అంది, అత్త ఇలా నవ్వింది, అత్తకి ఆ రోజుల్లో ఊళ్ళో అందరి గొంతులూ గుర్తేనట. అన్నం ముందు కూర్చున్నా అదే.

"అయితే మీ అత్త కడుపునే పుట్టాల్సింది," అన్నాను ఒక రోజు.

"కుళ్ళుకుంటున్నావా అమ్మా?"

"నాకేం కుళ్ళు?"

కుళ్ళే. కడుపులో మంట పెట్టినట్టుండేది. ఆవిణ్ణి ఏమీ అనడానికి లేదు, ఆవిడ నా బంగారమేం ఎత్తుకుపోలేదు. నా కూతురు తనంత తానే వెళ్ళి ఆవిడ ముందు కూర్చుంది. అందుకే ఇంకా మండేది.

అలా ఉండగా ఒక మధ్యాహ్నం వదిన ఫోన్ చేసింది. మొదట ఎవరో మగమనిషి అనుకున్నాను. గొంతు అంత బొంగురుపోయింది.

"ఏమ్మా, ఖాళీయేనా? ఓసారి రా."

వెళ్ళాను. అమ్మాయి కాలేజీలో ఉంది. అది లేనప్పుడు కూడా మాట్లాడి పెట్టమని, రికార్డర్ ఎలా నొక్కాలో ఆవిడకి నేర్పి వెళ్ళిందట.

"దానికి ఈ వారంలోగా ఇంకా గంటలు కావాలట. నా గొంతు చూశావుగా. నువ్వు కూర్చుని ఏదో ఒకటి మాట్లాడు," అంది.

"అది నీ మాటలు కదా అడిగింది?"

"పెద్దవాళ్ళ మాటలు కావాలంది. నువ్వేమైనా పసిపాపవా?"

"పోనీ దాంతో చెప్పి మాట్లాడనా?"

"చెప్పకు," అంది గబుక్కున. "నాకు గొంతు పోయిందంటే ఇంకెవర్నో వెతుక్కుంటుంది. మాటివ్వు."

మాటిచ్చాను. కూర్చున్నాను. ఎర్రదీపం వెలిగింది. మొదట ఏం చెప్పాలో తోచలేదు. తర్వాత ఒకావిడ సంగతి మొదలుపెట్టాను. ఆవిడ తన నడుం కొలత ఎప్పుడూ తగ్గించి చెప్పేది, బట్ట బిగుతైతే నా మీద పడేది. నేను ఆవిడకి తెలియకుండా లోపల గుడ్డ ఎక్కువ వదిలి కుట్టడం మొదలుపెట్టాను. దాంతో సన్నబడ్డానని ఊరంతా చెప్పుకుంది. వదిన పడీపడీ నవ్వింది, చప్పుడు లేకుండా. నేను ఆగితే ఆవిడ అందుకోలేదు. అందుకోవడానికి గొంతు లేదు మరి. ఇన్నేళ్ళ కాపురంలో మా వదిన ముందు నేను మాట్లాడుతుంటే ఆవిడ వినడం అదే మొదలు. అంత హాయిగా ఉంటుందని నాకు తెలియదు.

ఆ వారమంతా కొట్టు మూసి మధ్యాహ్నాలు అక్కడికే వెళ్ళాను. మా అమ్మాయితో చెప్పలేదు. వదినకిచ్చిన మాట ఒకటి. అంతకంటే నా పంతం ఒకటి. అది ఆ మాటలన్నీ వింటుంది, అందులో నా గొంతు వినిపిస్తుంది, పరుగెత్తుకుంటూ నా దగ్గరికి వస్తుంది. నా గొంతు నా కూతురు గుర్తుపట్టాలి గానీ నేను చెప్పుకోవడమేమిటి?

రాలేదు. వింటేగా రావడానికి. రికార్డు చేసినవన్నీ సరాసరి ప్రోగ్రాంలోకే వెళ్ళిపోతాయట, ముక్కలు చేసే పనంతా కంప్యూటరే చూసుకుంటుందట. పైగా రోజూ సాయంత్రం ఇంటికొచ్చి, "పాపం అత్త, నేను లేకపోయినా ఎంత ఓపిగ్గా మాట్లాడి పెడుతోందో," అనేది. నోరు నాది, పేరు ఆవిడది. అన్నం గిన్నె బల్ల మీద కాస్త గట్టిగానే పెట్టేదాన్ని.

ఎండలు తగ్గుముఖం పట్టాక ఒక రోజు పొద్దున్నే రికార్డర్ పట్టుకుని మా కొట్లోకి వచ్చింది.

"అమ్మా, ఇవాళ నీ వంతు."

"ఏం, మీ అత్తకి మాటలు అయిపోయాయా?"

"మామూలుగా పని చేసుకుంటూ మాట్లాడు. మిషన్ తొక్కినా ఫర్వాలేదు."

"మోత అన్నావుగా?"

"ఇప్పుడు మోత ఉండాలి. తర్వాత చెప్తాగా."

వంకరగా ఏదో ఒకటి అందామనే అనిపించింది. కానీ అది గుడ్డల మూట మీద కూర్చుని, గడ్డం మోకాళ్ళ మీద పెట్టుకుని నా వైపు చూసింది. ఇక ఏం అంటాను? మధ్యాహ్నం దాకా మాట్లాడాను.

మర్నాడు చూస్తే కంప్యూటర్ ముందు దిగులుగా కూర్చుని ఉంది.

"ఏమైందే? తప్పిందా?"

"అన్నీ సరిగ్గా పట్టుకుందమ్మా. నువ్వు ఆగినచోటల్లా ఆగింది. ఒక్కచోట కూడా అడ్డు రాలేదు."

"మంచిదేగా."

"ఇంత మంచిగా రాకూడదు. ఎవరికీ రాదు." నా వైపు తిరిగింది. "అత్త మాటలు దానికి పాఠాలమ్మా. నువ్వు పరీక్ష. పాఠాల్లో ఎక్కడా వినని మనిషిని తెచ్చి పెడితేనే అది నేర్చుకుందో లేదో తెలుస్తుంది. నువ్వు ఆగినట్టు ఇంకెవరూ ఆగరు. నోట్లో సూదులు పెట్టుకుని సగం మాట అంటావు, గుడ్డ తిరగేస్తావు, కొలత చూస్తావు, అప్పుడు మిగతా సగం అంటావు. నీ దగ్గర నెగ్గితే ఎక్కడైనా నెగ్గుతుంది. అందుకే ఎండాకాలమంతా నీ మాట ఒక్కటి కూడా దాని చెవిన పడకుండా కాపాడుకొచ్చాను. ముందే చెబితే సర్దుకుని మాట్లాడతావని నీకూ చెప్పలేదు."

నేను మిషన్ ముందు స్టూలు మీద కూర్చున్నాను. అది అత్త రికార్డింగులు ఒక్కొక్కటీ తెరిచి కాస్త కాస్త వింటూ పోతోంది. ఒకచోట చెయ్యి ఆగిపోయింది. వెనక్కి జరిపి మళ్ళీ వింది. నడుం కొలత తగ్గించి చెప్పిన ఆవిడ కథ నాకూ వినపడింది.

నా గొంతు గుర్తుపట్టింది. నేను కోరుకున్నది అదే. ఇలా మాత్రం కాదు.

"నేనేం చేశానే? మీ అత్త గొంతు పోయి నన్ను కూర్చోబెట్టింది. నాతో ఒక్క ముక్క చెప్పి ఏడవొచ్చుగా?" అన్నాను, అది ఏమీ అనకముందే.

"నేను నిన్నేమన్నానమ్మా?" అంది. కళ్ళు తుడుచుకుంది. "ఇవన్నీ తీసెయ్యాలి."

"ఏవి?"

"నీవి."

"మీ అత్తవి?"

"అవి ఉంటాయి."

ఆ మాటతో ఇంకా మండింది. "ఎవరికి తెలుస్తుందే? మీ సార్‌కి నా గొంతేమైనా తెలుసా? ఉన్నదున్నట్టు చూపించు, మార్కులు మీద పడతాయి."

"ప్రశ్నపత్రం ముందే చూసి రాసినట్టమ్మా అది. మార్కులు వస్తాయి. కానీ రేపు నిజంగా ఎవరో ఒకావిడ ఫోన్ చేసి, మాట మధ్యలో ఆగితే మళ్ళీ అడ్డొస్తుంది." కంప్యూటర్ వైపు తిరిగింది. "తీసేస్తే పాఠాలు చాలకపోవచ్చు. ప్రాజెక్టు పోనూ పోవచ్చు."

ప్రాజెక్టు పోతే డిగ్రీ లేదు. అది నాకు తెలుసు. అయినా సిగ్గు లేకుండా చెబుతున్నాను, ఆ క్షణంలో నాకు తట్టింది డిగ్రీ కాదు. నా మాటలు పోయి ఆవిడ మాటలు ఉండిపోతాయే అని.

తీసే పనికి నేనే కావలసివచ్చింది. ఆ వారం చివరికి ఆవిడ గొంతు కాస్త పెగలడంతో ఒక్కో రికార్డింగులో సగం ఆవిడా, సగం నేనూ. నేను మాట్లాడుతుంటే ఆవిడ బొంగురు గొంతుతో ఊ కొట్టినవి, ఆవిడ మాటలకి నేను పుల్లలు వేసినవి. ఇద్దరం పక్కపక్కనే కూర్చుని, ఒకే తీగ చెరో చెవిలో పెట్టుకుని వినేవాళ్ళం. నాది, మీ అత్తది, నాది, నాది అని చెబుతూ పోయేదాన్ని. నాదన్నదల్లా చెరిపేసేది. నేను కుట్టిన బట్ట నేనే విప్పుతున్నట్టు ఉండేది. కాకపోతే చెరిపేముందు మొత్తం వినేది. కొన్నిచోట్ల పొట్ట పట్టుకుని నవ్వేది.

"ఇది నాకెప్పుడూ చెప్పలేదే?"

"చెప్పడానికి నువ్వు ఇంట్లో ఉన్నావా?"

ఒక రికార్డింగులో నేను మైకు సంగతి మరిచిపోయి ఉన్నాను. "అది నా ముందు ఇలా కూర్చోదు వదినా," అంటున్నాను. "నీ ముందు కూర్చుంటుంది. నేను కన్న పిల్ల. అయినా..." అంతటితో ఆగిపోయాను. తర్వాత అంతా నిశ్శబ్దం. వీధిలో బండి వెళ్ళిన చప్పుడు. చెవిలో తీగ పీకేద్దామనిపించింది నాకు. మా అమ్మాయి మీట నొక్కలేదు. ఆ నిశ్శబ్దం చివరంటా వింది. మళ్ళీ నేను మాట్లాడనేలేదు.

"ఇదీ నీదే," అని చెరిపేసింది. చెరిపేసి, అలాగే కాసేపు నా భుజానికి ఆనుకుని కూర్చుంది.

ప్రాజెక్టు చూపించే రోజున ఇంట్లోవాళ్ళను కూడా రానిచ్చారు. మావారు ఇస్త్రీ చొక్కా వేసుకున్నారు. వదిన గొంతు బాగుపడింది కాబట్టి దారి పొడవునా మాట్లాడింది. హాల్లో నాకూ ఆయనకీ మధ్య కూర్చుంది.

మా అమ్మాయి ముందుకెళ్ళి నా కొట్లో రికార్డు చేసింది వినిపించింది. మిషన్ మోత, నా గొంతు హాలంతా నిండిపోయాయి. నేను ఆగినప్పుడల్లా గోడ మీద ఒక ఆకుపచ్చ గీత వెలిగేది. అది వెలిగితే మెషీన్ ఇంకా వింటోందని అర్థమట. ఎర్రగీత వస్తే అడ్డొచ్చిందని. ఎర్రగీతలు వచ్చాయి, కొన్నిచోట్ల. ఆకుపచ్చవే ఎక్కువ.

కళ్ళజోడు సార్ ఒకాయన లేచి, "నువ్వు రిపోర్టులో రాసిన మొదటి ఫలితం దీనికంటే బాగుందే?" అన్నాడు.

"మా అమ్మ పాఠాల్లోకి వచ్చేసింది సార్. తీసేశాను."

హాలంతా నవ్వింది. ఆయన కూడా నవ్వి, ఏదో రాసుకుని, "ఇది నమ్మొచ్చు," అని కూర్చున్నాడు. నెగ్గింది. మావారు చప్పట్లు కొట్టడం ఆపలేదు.

నాకు సంతోషమే. కానీ మధ్యలో ఒక సంగతి మింగుడుపడలేదు. ఆ మెషీన్ నన్ను ఎప్పుడూ వినలేదు కదా. మరి నా కోసం ఆగడం ఎక్కడ నేర్చుకుంది? మా వదిన దగ్గర. కామా లేని మనిషి దగ్గర. అంటే ఆవిడ కూడా ఆగుతుంటుంది, ఇన్నేళ్ళూ నేనే వినిపించుకోలేదు. ఆవిడకి రుణపడ్డానన్న మాట, ఇంతకంటే ఏం కావాలి నాకు?

"ఎండాకాలమంతా వాగింది నేను," అంది వదిన, ముందుకే చూస్తూ. "చివరికి హాలంతా విన్నది నిన్ను. కుళ్ళుగా ఉందమ్మా నాకు."

నిజం చెప్పొద్దూ, నా కడుపు చల్లబడింది. ఆ మాట ఇంకోసారి అనిపించుకుందామా అన్నంత ఆశ పుట్టింది.

"రేపట్నుంచి అది రాదుగా," అని ఆవిడ ఊరుకుంది.

మాట అయిపోయిందనుకుని మావారు లేచి చొక్కా దులుపుకున్నారు. నేను ఆయన చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టాను. కుర్చీలు జరిపే చప్పుడవుతోంది, జనం లేస్తున్నారు. నేను కదల్లేదు.

"పొద్దున్న లేచి ఎవరితో మాట్లాడాలో తెలీదు," అంది వదిన కాసేపటికి.

"మా కొట్టుకి రా వదినా," అన్నాను. అన్నది నా నోరేనా అని నాకే అనుమానం వచ్చింది. "మిషన్ మోత ఉంటుంది మరి."

"ఉండనీ. నేను దానికంటే గట్టిగానే మాట్లాడతాను."

అన్నట్టే వస్తోంది, రోజూ. బొత్తాలు కుట్టిపెడుతుంది, వచ్చినవాళ్ళకి ఎక్స్ఛేంజి కబుర్లు చెబుతుంది. ఇప్పుడు కొలతలకి వచ్చేవాళ్ళు నాకంటే ముందు ఆవిణ్ణి పలకరిస్తున్నారు. మా అమ్మాయికి ఈ ఊళ్ళోనే ఉద్యోగం వచ్చింది. సాయంత్రం వస్తూనే గుమ్మంలో చెప్పులు విడుస్తూ, "అత్త ఉందా?" అని కేకేస్తుంది. "అమ్మా" అనేది దాని తర్వాత. నాకు మండదా మరి?